తిరిగివచ్చినవారికి శరణమార్గము

మా చెన్నూరు చెంత గోదావరి ఉత్తరవాహిని. తూర్పునకు సాగవలసిన తల్లి ఇచ్చట కొంతదూరము ఉత్తరమునకు మరలి, పిదప తన దారి తాను పట్టును. ఆ మలుపును పెద్దలు పుణ్యతీర్థమనిరి. అగస్త్యేశ్వరుని దర్శించుకొని నదీతీరమున నిలిచినపుడెల్ల నాకొక భావము కలుగుచుండును. దారి మరలినందుకు నదిని నిందించినవారు లేరు. పైగా ఆ మరలినచోటనే మునిగి పునీతులమైతిమని తలచుచున్నారు. మరి మనుష్యుడు తాను పోయిన దారినుండి మరలివచ్చినపుడు మాత్రము మనము తలుపును సగమే తెరచుచున్నామేల?

ఈ ప్రశ్న నాకు పుస్తకములలో పుట్టినది కాదు. నా శిష్యురాలి ఇంట పుట్టినది. ఈ పత్రిక చదువు కుటుంబములలో కొందరికైనను ఇట్టి కష్టము వచ్చియుండును. రానివారికి రేపు రావచ్చును. కావున ఆ సంగతిని, దానినుండి నేను నేర్చుకొన్న దానిని, బసవేశ్వరుని వెలుగులో మీతో విచారింపదలచితిని.

ఒక బిడ్డ తిరిగివచ్చిన కథ

చెన్నూరు చుట్టుపట్ల గ్రామములలో ఒకదానియందు ఒక లింగాయత కుటుంబము కలదు. ఆ ఇంటి ఆడబిడ్డ నా యొద్ద తెలుగు చదువుకొన్నది. చురుకైన పిల్ల. తరగతిలో అందరికంటె ముందు చేయి ఎత్తి ప్రశ్న అడుగునది. పై చదువునకు పట్టణమున ఉన్న కాలమున తల్లి మరణించెను. ఆ దుఃఖములో ఒక ఆధ్యాత్మిక సమూహపు సభలకు పోవ మొదలుపెట్టెను. ఆ సమూహము పేరు మనకు అవసరము లేదు. పేరు మారినను పద్ధతి మారదు.

మొదట శాంతి లభించినదని తండ్రికి చెప్పినది. అది అబద్ధము కాదు. ఏడ్చుచున్న పిల్లను పక్కన కూర్చుండబెట్టుకొని, పేరు పెట్టి పిలిచి, అన్నము తిన్నావా అని అడిగినవారు ఆనాడు వారే. ఈ మాటను మనము మరువరాదు. మన బిడ్డలు పోవునది బంధమును కోరి కాదు, ఆదరణను కోరి.

తరువాత ఒక్కొక్కటిగా తలుపులు మూసుకొనెను. ఉద్యోగము మాయ అనిరి, మానెను. దాచుకొన్న ధనము సేవకు ఇమ్మనిరి, ఇచ్చెను. తండ్రితో ఫోనులో మాటలాడుట వారమున కొకమారు, నెల కొకమారు అయి, తుదకు ఆగిపోయెను. మెడలోని ఇష్టలింగమును జడవస్తువని చెప్పి విడువుమనిరి. ఒక పండుగనాడు ఇంటికి వచ్చి, లింగకాయను విప్పి దేవుని గూటిలో పెట్టి, ముఖము చూపక వెడలిపోయెను. అటుపిమ్మట ఆరు సంవత్సరములు ఆమె ఇల్లు తొక్కలేదు. ఆ ఆరేండ్లును ఆ తండ్రి తన లింగపూజ ముగియగానే కూతురి లింగమును కూడ అరచేత పట్టి అభిషేకించి, తుడిచి, విభూతి పెట్టి, మరల గూటిలో ఉంచుచుండెను. ఎందుకని అడిగినవారితో, "బిడ్డ లేకున్నా బిడ్డ లింగం ఉన్నది గద" అనెడివాడు.

ఆమెకు జబ్బు చేసినపుడు అక్కడివారు మందిప్పింపక, నీ విశ్వాసము చాలకనే ఈ వ్యాధి వచ్చినదనిరట. ఒక వేకువజామున ఆమె బయటికి వచ్చి, బస్సెక్కి మంచిర్యాలలో దిగి, ఎవరి ఫోనో అడిగి తండ్రికి చేసెను. తండ్రి ఏమియు అడుగలేదు. "అక్కడనే ఉండు బిడ్డా, వస్తున్న" అని మాత్రమనెను.

నేను చేసిన పొరపాటు

వారము దినములకు ఆ తండ్రి నన్ను పిలిపించెను. "సారూ, మీ మాటంటె దానికి గురి. జర చెప్పి చూడుండ్రి" అనెను. నేను పోతిని. పండితుని అలవాటు ఊరకుండనీయదు గదా! గంటసేపు ఉపన్యసించితిని. అష్టావరణములను గూర్చి చెప్పితిని, పంచాచారములను గూర్చి చెప్పితిని. ఒక పుస్తకము చేతికిచ్చి, రేపటినుండి తెల్లవారి ఐదు గంటలకు లేచి, స్నానముచేసి, నాన్నతో లింగపూజకు కూర్చుండుమంటిని.

ఆమె వెంటనే, "సరే సారూ" అన్నది.

ఆ 'సరే' విని మొదట సంతోషించితిని. ఇంటికి వచ్చు దారిలో ఆ మాట నన్ను భయపెట్టినది. తరగతిలో ప్రతిమాటకును ఎందుకని అడిగిన పిల్ల ఒక్క ప్రశ్నయైనను అడుగక సరే అన్నది. అంతేకాదు, నేను పోయినపుడు కూర్చుండుమనువరకు నిలిచియే ఉన్నది. దాహమైనపుడు నీళ్లు త్రాగనా అని తండ్రిని అడిగినది. అది తన ఇల్లు. కడవ తన తల్లి నింపిన కడవ. ఆ నీళ్లకు అనుమతి కావలసివచ్చినది! అపుడు నాకు తెలిసినది, ఆమె అన్న సరే భక్తి కాదని. ఆరేండ్లుగా పట్టుబడిన అలవాటు అది. అక్కడ వారు లెమ్మన్నపుడు లేచినది. ఇక్కడ నేను లెమ్మన్నపుడు లేచును. ఆజ్ఞ ఇచ్చు నోరు మారినది. తల వంచుట మారలేదు. ఆమెను శివభక్తురాలిని చేయుచున్నానని తలచి నేను ఆమెకు మరియొక యజమానిని మాత్రమే ఇచ్చుచుంటిని.

మరునాడు మరల పోయి, పుస్తకము తిరిగి ఇమ్మంటిని. "నిన్న చెప్పినదంతా మరిచిపో బిడ్డా. నీకు బుద్ధి పుట్టినప్పుడు లే. పూజ నీకు ఇష్టమైతెనే చెయ్యి" అంటిని. ఆమె చాలసేపు నా ముఖము చూచి, "మరి ఇప్పుడు నేనెవర్ని అడగాలె సారూ?" అన్నది. ఆ ప్రశ్నకు ఆనాడు నాయొద్ద సమాధానము లేదు. ఈ వ్యాసమంతయు ఆ ప్రశ్నకు వెదకుకొన్న సమాధానమే.

లోకములో జరిగినది

ఇది మన గ్రామపు ఒక ఇంటి కష్టము మాత్రమే కాదు. 1978 నవంబరు 18వ తేదీన దక్షిణ అమెరికా ఖండమునందలి గయానా దేశపు అడవిలో జిమ్ జోన్సు అను బోధకుని ఆజ్ఞమీద, అతని అనుచరులు విషము త్రాగియు, త్రాగింపబడియు, తొమ్మిదివందలకు పైగా ప్రాణములు పోయెను. వారిలో పసిబిడ్డలు కలరు. అంతకుముందే ఆ సమూహమును విడిచి వచ్చినవారును, బంధువులును లోపల జరుగుచున్న దానిని చెప్పుచునే ఉండిరి. వారి మొర విని విచారింపబోయిన అమెరికా ప్రజాప్రతినిధి లియో రయానును కూడ ఆనాడే కాల్చి చంపిరి. విడిచివచ్చినవారి మాటలను లోకము మొదటనే చెవిని పెట్టియుండినచో ఎన్ని ప్రాణములు నిలిచెడివో!

అంతదూరము పోనక్కరలేదు. మన దేశ రాజధానియగు ఢిల్లీలో, రోహిణి ప్రాంతమున, ఆధ్యాత్మిక విశ్వవిద్యాలయమను పేరుగల ఆశ్రమముండెను. ఆరోపణలు రాగా 2017 డిసెంబరులో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము తనిఖీకై ఒక కమిటీని పంపెను. ఇనుప తలుపుల వెనుక స్త్రీలు, బాలికలు నివసించుచుండుట ఆ కమిటీ చూచెను. మైనరు బాలికలను బయటికి తెచ్చిరి. దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించిరి. మన తెలుగు దంపతులు కూడ, ఉన్నతవిద్య చదివిన తమ కుమార్తె అక్కడ చేరిపోయినదని అదే న్యాయస్థానమునకు మొరపెట్టుకొనిరి. 2022లో న్యాయస్థానము ఆ ఆశ్రమవాసుల క్షేమమును చూచుటకు ఒక కమిటీని నియమించి, మాజీ పోలీసు అధికారిణి కిరణ్ బేదీని పర్యవేక్షింపుమని కోరెను.

ఇందు గ్రహింపవలసిన సూక్ష్మము కలదు. ఆ కుమార్తె యుక్తవయస్కురాలు. తన ఇచ్ఛతోనే ఉన్నానని చెప్పినది. యుక్తవయస్కుల ఇచ్ఛను న్యాయస్థానము కాదనజాలదు. మన రాజ్యాంగము 25వ అధికరణమున అందరికిని అంతఃకరణ స్వేచ్ఛనిచ్చినది. చేరుటకు గల స్వేచ్ఛయే విడుచుటకును కలదు. చట్టము ఇనుప తలుపును తెరువగలదు. మనస్సునకు పడిన తలుపు లోపలినుండియే తెరచుకొనవలెను. అది తెరచుకొన్ననాడు ఎదుట ఇంటి వాకిలి తెరచియుండునా, మూసియుండునా అనునది మాత్రము పూర్తిగా మన చేతిలోని పని.

బసవేశ్వరుడు కూడ విడిచివచ్చినవాడే

శరణబంధువులారా! మన ధర్మమునకు మూలపురుషుడగు బసవేశ్వరుడు స్వయముగా ఒక కట్టుబాటును విడిచి బయటికి వచ్చినవాడు. ఈ సంగతిని మనము బసవజయంతినాడు ఉత్సాహముతో చెప్పుకొందుము; కాని అందలి బాధను తలచుకొనము. మన తెలుగునాటి పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దిలో ద్విపదలో రచించిన బసవపురాణమున ఆ ఘట్టము కలదు. బాగేవాడిలో మాదిరాజునకు, మాదాంబకు లేక లేక పుట్టిన బిడ్డడు. తండ్రి ప్రేమతోనే ఉపనయనము చేయబూనెను. బాలుడు వలదనెను. ఎందుకు వలదో తండ్రి యెదుట నిలిచి వాదించెను. తుదకు పుట్టినింటిని విడిచెను.

ఆ రోజు ఆ బాలుడేమి పోగొట్టుకొన్నాడో ఆలోచింపుడు. తల్లి వంట, తండ్రి పేరు, వీధిలో తోటిపిల్లలు, కులమువారి ఆశీస్సులు, పండుగనాటి పంక్తిలో తన చోటు. విడిచి వచ్చువారందరును పోగొట్టుకొనునవి ఇవియే. బంధమైనను అదియొక ఇల్లే. అందు చెడ్డవారితోపాటు మంచివారును ఉందురు. ఒక పంక్తిలో తిన్న స్నేహితులుందురు. విడిచినవాడు వారికొరకు ఏడ్చినచో, ఇంకను వారిమీదనే మనసున్నదని మనము నిందింపరాదు. తెగిన కొమ్మ మానుకొరకు కొంతకాలము తడి కార్చును.

అయితే బసవన్న విడిచిన తరువాత ఏమి చేసెను? ఇదియే మనకు ముఖ్యము. సోదరి నాగమాంబ ఆయనను విడువలేదు. కృష్ణా మలప్రభా నదులు కలియు కూడలసంగమమున ఆయన నిలిచెను. అక్కడ సంగమేశ్వరుని సన్నిధిలో కాలము గడపెను. కల్యాణమున బిజ్జలుని కొలువులో పదవి, మహామనె, అనుభవమంటపము ఇవన్నియు తరువాతి మాటలు. విడుచుటకును కట్టుటకును నడుమ సంగమేశ్వరుని యొద్ద గడచిన మౌనకాల మొకటి కలదు. మన బిడ్డలకు మనము ఇయ్యనిది ఆ కాలమునే. వచ్చిన మరునాడే పెండ్లి మాట, ఉద్యోగము మాట, ప్రాయశ్చిత్తము మాట ఎత్తుదుము. బసవన్నకు సంగమము కావలసివచ్చినపుడు మన పిల్లకు వారము చాలునా?

తాను కట్టినపుడు ఎట్టిది కట్టెను? తాను విడిచినదానివంటిదే మరియొకటి కట్టలేదు. అనుభవమంటపమున శూన్యసింహాసనముపై తాను కూర్చుండలేదు, అల్లమప్రభువును కూర్చుండబెట్టెను. అక్కడ ప్రశ్న అడుగుట దోషము కాదు, అదియే సభాధర్మము. కౌశికరాజు అంతఃపురమును విడిచి అక్కమహాదేవి వచ్చినపుడు అల్లమప్రభువు ఆమెను కఠినముగా ప్రశ్నించెను. కాని ఆమెకు సమాధానము చెప్పు హక్కును ఇచ్చి ప్రశ్నించెను. ఆమె సమాధానము విని సభయంతయు చేతులు జోడించెను. ఒక ఆడుబిడ్డ ఏమి విడిచివచ్చినదో ఆమె నోటనే విని, ఆమెను అక్కయని పిలిచిన సంప్రదాయము మనది.

గురువు చేయి

ఇక నా శిష్యురాలి ప్రశ్న: ఎవరిని అడుగవలెను?

మన దీక్షావిధానమును తలచుకొనుడు. గురువు లింగమును సంస్కరించి శిష్యుని అరచేత ఉంచును. ఉంచి ఏమి చేయును? తన చేయి తీసివేయును. ఈ రెండవ పనిని మనము గమనింపము. అటుపిమ్మట ఆ లింగము ఆ దేహముననే ఉండును. దానికి అభిషేకము చేయుటకు పూజారి అక్కరలేదు, గుడి తాళములు అక్కరలేదు, ఇంకొకని అనుమతి అక్కరలేదు. ఎడమచేత లింగము, ఎదుట తన కన్ను. నడుమ ఎవరును లేరు. శిష్యుని తనకు కట్టివేసికొనువాడు గురువు కాడు. శిష్యుని చేతికి శివుని అప్పగించి, తాను ప్రక్కకు తొలగువాడు గురువు. చేయి తీయనివాడు ఎంత గొప్ప మాటలు చెప్పినను, ఏ వర్ణపు వస్త్రము ధరించినను, వానియొద్ద దీక్ష పూర్తికాలేదని ఎరుగవలెను.

కావున, "ఎవర్ని అడగాలె" అను ప్రశ్నకు శరణమార్గము చెప్పు సమాధానమిది: ముందు నీ అరచేతిని అడుగుము. నీ అంతరంగమును అడుగుము. తరువాత పదిమంది శరణులను అడుగుము. వారు చెప్పినది నీకు సరిపడనిచో సరిపడలేదని చెప్పుము.

పెద్దల పంచాయతీ, చందయ్య లింగము

ఆ బిడ్డ వచ్చిన సంగతి తెలిసి మా వైపు పెద్దలు కొందరు కూర్చుండిరి. లింగమును విడిచినవారికి మరల పంక్తిలో చోటు ఎట్లని ఒకరనిరి. ప్రాయశ్చిత్తము చేయించవలెనని ఒకరు, మఠమునకు కొంత సొమ్ము కట్టించవలెనని ఒకరు అనిరి. వారు చెడ్డవారు కారు. లింగమునకును ప్రాణమునకును భేదము లేదని నేర్చినవారు. ఆ నిష్ఠ గొప్పదే. ఆ సభలో నేను శూన్యసంపాదనలోని నులియ చందయ్య కథను జ్ఞాపకము చేసితిని.

చందయ్య త్రాళ్లు పేని అమ్మి, ఆ వచ్చిన దానితో జంగమదాసోహము చేయు శరణుడు. ఒకనాడు త్రాళ్లకై గడ్డి కోయుచుండగా ఆయన ఇష్టలింగము జారి పడెను. చందయ్య దానికొరకు ఆగలేదు. గడ్డిమోపు ఎత్తుకొని తన కాయకమునకు తాను పోయెను. అపుడు లింగమే ఆయన వెంటబడి, నన్ను స్వీకరింపుమని వేడుకొన్నదట. మడివాళ మాచయ్య నడుమ నిలిచి ఇరువురకును సంధి చేసెనట.

పెద్దలారా, ఈ కథయందు వెంటబడినవా డెవడు? లింగమును పోగొట్టుకొన్నవానిని వెదకుకొనుచు లింగమే వచ్చినది. రుసుము అడుగలేదు, ప్రాయశ్చిత్తము అడుగలేదు. శివుడే వెంటనడచి వచ్చినచోట, మనము వాకిట కూర్చుండి సొమ్ము లెక్కించుట ఎట్టి ధర్మము? మాచయ్య చేసిన పని మనము చేయవలెను. నడుమ నిలిచి సంధి చేయుట. మన పని అంతవరకే.

సభ మౌనము వహించినది. ఒక వృద్ధ జంగమయ్య లేచి, "ఆ పిల్ల రేపు మా ఇంట్ల పంక్తికి వస్తది. ఎవరికి ఇబ్బందో వాళ్లు రాకుండ్రి" అనెను. మరునాడు అందరును వచ్చిరి.

మనలను మనము అడుగుకొనవలసినవి

ఇతరుల బంధములను ఎంచుట సులభము. మన మఠములను, మన ఇండ్లను కూడ అదే కొలబద్దతో కొలువనిచో ఈ విచారమంతయు వ్యర్థము. ఏ సమూహము ఎదుటనైనను, మన మఠము ఎదుటనైనను, ఈ ఐదు ప్రశ్నలు నిలుపుడు.

ఇక్కడ ప్రశ్న అడిగినవాని గతి యేమి? వచ్చిన ధనమునకు లెక్క ఎవరికి చూపుదురు? కన్నవారితో, తోబుట్టువులతో మాటలాడుటకు అనుమతి కావలెనా? పీఠముపై ఉన్నవారి నడతలో తప్పు కనిపించినచో తప్పని పైకి చెప్పవచ్చునా? విడిచిపోవువానిని ఎట్లు సాగనంపుదురు?

చివరి ప్రశ్నయే అన్నిటికిని గీటురాయి. వచ్చినవారికి పూలమాల వేయనివా రెవరును ఉండరు. పోవువానికి దారిబత్తెమిచ్చి, ఆకలైనపుడు రమ్మని చెప్పు చోటనే శివుడు కలడు. పోవువానిని శపించుచోట, వాని పేరెత్తవలదని ఆజ్ఞాపించుచోట, వాడు రహస్యముగా చెప్పుకొన్న దోషములను బయటపెట్టెదమని బెదిరించుచోట ఎన్ని దీపములు వెలిగినను చీకటియే. పంచాచారములలో గణాచారమొకటి. సమూహమున అధర్మము తలయెత్తినపుడు ఊరకుండరాదని అది చెప్పుచున్నది. పరుల సమూహమును గూర్చి మాత్రమే కాదు, మన సమూహమును గూర్చియు అది చెప్పుచున్నది.

గృహస్థులకు

ఇంట బిడ్డ ఇట్టి చోటికి పోయినచో తిట్టి తలుపు వేయకుడు. నీకు మాకు ఋణము తీరినదను మాట నోట రానీయకుడు. ఆ మాటకొరకే ఆ సమూహమువారు ఎదురుచూచుచుందురు. చూచితివా, నీకు మేమే దిక్కని చెప్పుటకు. పండుగకు కబురు పంపుడు. సమాధానము రాకున్నను పంపుడు. ఆ తండ్రి ఆరేండ్లు చేసిన లింగపూజ వంటిదే అది.

తిరిగివచ్చినపుడు విచారణ చేయకుడు. చెప్పిననాడు వినుడు, చెప్పనినాడు అడుగకుడు. మేము ముందే చెప్పితిమి గదా అను వాక్యమును మింగివేయుడు. జబ్బు చేసియున్నచో వైద్యుని చూపుడు. నిద్రలేమి, భయము, దిగులు ఉన్నచో మనోవైద్యుని చూపుటకు సిగ్గుపడకుడు. అది పిచ్చి కాదు, గాయము. చిన్న చిన్న విషయములు వారినే నిర్ణయింపనిండు: ఏ కూర వండవలెను, ఏ చీర కొనవలెను, ఏ గంటకు లేవవలెను. వినుటకు ఇవి అల్పములు. అన్నియు ఇతరులే నిర్ణయించిన ఆరేండ్ల తరువాత ఇవియే మొదటి అడుగులు. పని దొరకునట్లు చూడుడు. తన చేతులతో సంపాదించిన పది రూపాయలు నిలబెట్టినట్లు ఏ ఉపన్యాసమును మనుష్యుని నిలబెట్టదు. శరణులు కాయకమునకు అంత గౌరవమిచ్చుటకు ఇదియు నొక కారణము. కాయకము గలవాడు ఎవరికిని దాసుడు కాడు.

విడిచివచ్చిన సోదరీ, సోదరా!

ఈ పత్రిక నీ చేతికి వచ్చినచో నీతో రెండు మాటలు.

మోసపోయితినని నీవు సిగ్గుపడవలదు. నీవు వెదకినది సత్యమునే. శాంతి కోరుట, సేవ కోరుట, దేవుని కోరుట దోషములు కావు. ఆ కోరికను వాడుకొన్నవారిది దోషము. అక్కడ నీవు చేసిన సేవలో, పాడిన పాటలో, పక్కవానికి పెట్టిన ముద్దలో నిజమైనది ఏమైనను ఉన్నచో అది నీదే. దానిని అక్కడ వదలి రానక్కరలేదు. అక్కడ ఉన్నపుడు ఎవరినైన నొప్పించియున్నచో, కన్నవారితో కటువుగా మాటలాడియున్నచో, క్షమింపుమని అడుగుము. అడిగిన పిదప ఆ బరువును దింపివేయుము.

దేవుడనగానే భయము కలుగుచున్నచో కొంతకాలము దేవుని మాట ఎత్తకుము. శివునికి తొందర లేదు. పూజ చేయలేనిచో చెట్టుకు నీళ్లు పోయుము. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుము. దానిని దాసోహమని పిలిచినను పిలువకున్నను అది దాసోహమే. మరల ఒక గురువు కొరకు పరుగెత్తకుము. ఎదుటివాడు చేయి పట్టుకొన్నపుడు, ఈయన ఎపుడు తన చేయి తీసివేయునని అడుగుము. తిరిగి మన మార్గమునకు వచ్చుట నీ ఇష్టము. రాకున్నను పంక్తిలో నీ విస్తరి నీదే.

ఆ లింగకాయ

ఆ బిడ్డ వచ్చి సంవత్సరము దాటినది. ఇప్పుడు ఊరిలోని పిల్లలకు సాయంకాలము పాఠములు చెప్పుచున్నది. మొన్నటి వేసవిలో ఒకనాడు తండ్రి, శివరాత్రికి కట్టిన చీర కట్టుకొని పెండ్లికి రమ్మని అడుగగా, "నేను రాను నాయినా, నాకు మనసయితలేదు" అన్నదట. ఆ తండ్రి నాయొద్దకు సైకిలు తొక్కుకొని వచ్చి, "సారూ, మా బిడ్డ రానన్నది!" అని కన్నీళ్లతో చెప్పినాడు. కూతురు కాదన్నదని ఆనందించిన తండ్రిని నేను ఆనాడే చూచితిని. సరే అను మాట పోయి, వద్దు అను మాట వచ్చినది. వద్దు అనగలిగినవారు ఔనన్నపుడే ఆ ఔనునకు విలువ.

గూటిలోని లింగమును ఆమె ఇంకను ధరింపలేదు. బసవజయంతినాడు మాత్రము తానే గూటి యొద్దకు పోయి, లింగకాయను తెరచి, లోపలి లింగముపై తండ్రి పెట్టిన విభూతిని చాలసేపు చూచి, మరల మూసి, అక్కడనే పెట్టినదట. తండ్రి ప్రక్క గదిలో ఉండియు, చూడనట్లు ఊరకున్నాడు. మరునాటి ఉదయము ఎప్పటివలెనే తన పూజ ముగించి, ఆ రెండవ లింగమునకు అభిషేకము చేసినాడు.

ఆమె దానిని ధరించునా అని నన్నడిగినవారు కలరు. అది ఆమెకును లింగయ్యకును సంబంధించిన మాట. మనకు సంబంధించినది ఒక్కటే: గూడు తెరచియుండవలెను, లింగమునకు నీళ్లు తప్పరాదు, వాకిలికి గడియ పడరాదు. ఇట్టి ఓర్పు మన ఇండ్లకును, మన మఠములకును సంగమేశ్వరుడు ప్రసాదించుగాక!

శరణు శరణార్థులు.